నాలుగడుగుల తొమ్మిదంగుళాల ప్రజాసేవ

నా ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం. గొప్పకి చెప్పడం లేదు. జరిగింది సరిగ్గా అర్థం కావాలంటే ఈ అంకె తెలిసి ఉండాలి కాబట్టి ముందే రాసిపెడుతున్నాను. పేరు చింతాడ భీమశంకరం. మెరకవలస ప్రజాసేవా కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. పింఛన్లు, జనన మరణ ధ్రువపత్రాలు, పేర్ల సవరణలు నా సీటులో చూస్తారు. 'చూస్తారు' అనే మాట ఆలోచించే వాడాను.

అప్పట్లో మా ఆఫీసు ఒక పాత జీడిపప్పు గోదాములో ఉండేది. లోపల మేం ఇరవై ఆరుగురం, పదకొండు టేబుళ్లు. బయట ఎండలో జనం. రేకు కింద నీడ ఉన్నంతమేరా లైను, నీడ అయిపోయాక చెప్పులు పెట్టి వెళ్లిపోయిన లైను. అందుకని ప్రభుత్వం దయతలచి కొత్త భవనం మంజూరు చేసింది. రెండు అంతస్తులు, రెండు వందల అడుగుల పొడవు. కింద మేం, పైన ఆ భవనం కట్టే జిల్లా భవనాల మండలి. నిర్మాణం సాగినంతకాలం మా ఆఫీసు తరఫున మీటింగులకు వెళ్లి మినిట్స్ రాసే బాధ్యత నాకు అప్పగించారు. చేతిరాత బాగుంటుందని కారణం చూపించారు. ఆఫీసులో నా తల ఫ్యాను రెక్కలకి అడ్డం వస్తోందని అసలు కారణం.

భవనానికి నక్షా గీసింది నగరం నుంచి వచ్చిన ఆర్కిటెక్టు అనిరుద్ధ వర్మగారు. నల్ల చొక్కా తప్ప వేసుకోరు. మరుగుదొడ్లన్నీ మేడ మీద తూర్పు కొసన పెట్టారు. ఊరి మురుగుకాలవ పడమటి కొసన ఉంది. మధ్యలో రెండు వందల అడుగులు. అదేమని అడిగితే "ప్రవాహం" అన్నారు. మినిట్స్‌లో ప్రవాహం అని రాసుకున్నాను.

గొడవ మొదలైంది శ్లాబు పడిన నెలకి. ఏసీ గొట్టాలు పెట్టే విభాగం వాళ్లు కింది హాలు కప్పుకి ఒకచోట మేకులు కొట్టారు. మర్నాడు కరెంటు విభాగం వాళ్లు సరిగ్గా అక్కడే తీగలు పరిచే రేకు పళ్లేలు బిగించబోయారు. మూడోనాడు మురుగు పైపు వాళ్లు వచ్చి ఆ రెండింటి మధ్యనించీ రంధ్రం పెట్టారు. నాలుగోనాడు ముగ్గురూ నిచ్చెనలెక్కి ఒకరినొకరు తోసుకుంటుంటే మమ్మల్ని పిలిచారు.

అక్కడ మండలి తరఫున పని చూస్తున్నది అసిస్టెంట్ ఇంజనీరు పుణ్యవతి. ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. ఎత్తు నాలుగడుగుల ఎనిమిదంగుళాలు. నాతో మాట్లాడాలంటే తలెత్తాలి, కానీ ఎవరితోనూ తల దించి మాట్లాడదు. ఆవిడ పక్కన ప్లంబరు తవిటయ్య గోడకి ఆనుకుని చుట్ట వెలిగించకుండా నోట్లో పెట్టుకుని నిలబడ్డాడు.

"నువ్వేమంటావు తవిటయ్యా?" అంది పుణ్యవతి.

తవిటయ్య సుద్దముక్క తీసి గోడమీద రెండు గీతలు గీశాడు. "ఏటంతానమ్మా, దొడ్లు ఆ కొసనున్నాయి. ఎనకాతల గోడ మీంచి అక్కడికక్కడే పైపు కిందకి దింపీసి, భూమిలోంచి కాలవకి తీసికెల్లిపోతే ఐపోద్ది. ఈ హాల్లోకి మురుగే రాదు. ఆ ఏసీ గొట్టం దూలానికీ దూలానికీ మజ్జెన సందులో పెట్టీయండి. తీగలు గోడవారగా పోతాయి. కప్పు ఎత్తు పోదు, ఏటీ పోదు."

ఇది చెప్పడానికి అతనికి పట్టిన కాలం సుమారు రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలూ మేం విని ఉంటే ఈ కథ ఇక్కడితో సరి.

వర్మగారు కళ్లజోడు తీశారు. "భవనానికి ముఖం ఉంటుందండీ. ముఖం మీద పైపేమిటి?"

"ముకం మీదొద్దు బాబూ. ఎనకాతల, ఈపు మీద."

"ఈ భవనానికి వీపు లేదు. నాలుగు వైపులా ముఖాలే."

తవిటయ్య బయటికెళ్లి భవనం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

మండలి సూపరింటెండింగ్ ఇంజనీరు దక్షిణామూర్తిగారు అసలు విషయానికి వచ్చారు. "ఇతని హోదా ఏమిటి?"

"ప్లంబరండీ" అంది పుణ్యవతి.

"అభిప్రాయం వెల్లడించుటకు నమూనా ఏడులో ఆరు గడులు మాత్రమే కలవు. ప్లంబరు అనే గడి లేదు. కనుక సదరు అభిప్రాయం వెలువడనట్లు పరిగణించడమైనది. భీమశంకరం, రాశావా?"

వెలువడలేదని రాశాను.

* * *

ఎస్.ఈ. దక్షిణామూర్తిగారు మంచి మనిషి. ఆయనకి గొడవలు పడవు. ముప్పై ఏళ్ల సర్వీసులో రెండు విభాగాల మధ్య తగవు తీర్చే ఏకైక మార్గం వాటిని ఒకదానికొకటి ఎదురుపడనివ్వకపోవడమేనని ఆయన కనిపెట్టారు. ఆ వారమే సమన్వయ సర్క్యులరు జారీ అయింది. దానిలో ముఖ్యమైన వాక్యం ఇది:

"ఒక విభాగము యొక్క పైపు గాని, తీగ గాని, గొట్టము గాని మరియొక విభాగము యొక్క పైపు, తీగ, గొట్టములను దాటరాదు, తాకరాదు, వాటి నిమిత్తము వంగరాదు. ప్రతి విభాగమునకును కప్పు క్రింద ప్రత్యేకముగా ఒక పొర కేటాయించడమైనది."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నిజం చెప్పాలంటే వాక్యం నాకు చాలా నచ్చింది.

తరువాతి మీటింగులో ఎవరి పొర పైన, ఎవరిది కింద అనే ప్రశ్న వచ్చింది. కరెంటు విభాగం సోమేశ్వర్రావుగారు లేచారు. "మురికినీటి కింద విద్యుచ్ఛక్తి ఉండటం మా విభాగ గౌరవానికి భంగం." ఏసీ విభాగం డేవిడ్ రాజుగారు, గాలి తేలిక కాబట్టి గాలే పైన ఉండాలన్నారు. మురుగు విభాగం వారు మాత్రం లేవకుండానే తమ విభాగం అన్నిటికన్నా ముందు ఏర్పడిందని ఒక పాత ఉత్తర్వు టేబుల్ మీద పెట్టారు. సీనియారిటీ దగ్గర ఎవరూ నోరెత్తలేరు. మురుగుకి అగ్రస్థానం దక్కింది.

పుణ్యవతి నా పక్కన కూర్చుని ఒక కాగితం మీద తీసివేతలు వేస్తోంది. నేల నుంచి శ్లాబు పదమూడడుగులు. దూలాలకి అడుగున్నర పోగా పదకొండున్నర. మురుగు పైపుకి వాలు ఉండాలి, ఎనభై అడుగులకి ఒక అడుగు. అంటే హాలు ఆ కొస నుంచి ఈ కొసకి రెండున్నర అడుగులు, పైపూ పట్టీలూ మరో అరడుగు. ఎనిమిదిన్నర. ఏసీ గొట్టానికి అడుగున్నర. ఏడు. కరెంటుకి తొమ్మిదంగుళాలు. ఆరుంబావు. నిప్పార్పే నీళ్ల గొట్టానికి అరడుగు. ఐదూ ముప్పావు. ఫోను, కంప్యూటరు తీగలకి అరడుగు. ఐదుంబావు.

ఐదుంబావు దగ్గర నేను తొంగిచూసి నా తల తడుముకున్నాను.

అంతటితో అయిపోలేదు. చివర్లో ఎస్.ఈ.గారు గొంతు సవరించుకుని, "అన్ని విభాగాలకూ పొర ఉండి, వాటిని కలిపే సమన్వయానికి పొర లేకపోవడం బాగుండదు. భవిష్యత్ సమన్వయ అవసరాల నిమిత్తం ఒక అరడుగు ఖాళీ పొర విడిచిపెట్టడమైనది" అన్నారు.

"అందులో ఏం పెడతారండీ?" అంది పుణ్యవతి.

"ఏమీ పెట్టరాదు. పెడితే అది సమన్వయం కాదు, ఇంకో విభాగం అవుతుంది."

పుణ్యవతి కాగితం పట్టుకుని లేచి నిలబడింది. "సార్, ఇవన్నీ పోగా మనుషులకి మిగిలేది నాలుగడుగుల తొమ్మిదంగుళాలు."

ఎస్.ఈ.గారు కాగితం తీసుకుని రెండుసార్లు చూశారు. తీసివేతల్లో తప్పులేదు. ఆయన విభాగాధిపతులవైపు తిరిగారు.

"ఎత్తు ఏ విభాగానికి చెందుతుంది?"

సోమేశ్వర్రావుగారు తనది కాదన్నారు. డేవిడ్ రాజుగారు తన దగ్గర గాలి మాత్రమే ఉందన్నారు. వర్మగారు, ఎత్తు అనేది అనుభూతి అన్నారు.

"ఎత్తు విభాగం తరఫున ఎవరూ హాజరు కానందున వారికి అభ్యంతరం లేదని భావించడమైనది" అన్నారు ఎస్.ఈ.గారు. అది కూడా రాశాను. రాస్తున్నంతసేపూ నా మెడ నొప్పెట్టింది.

బయటికొచ్చాక పుణ్యవతి నన్ను నిలదీసింది. "మీరెందుకు మాట్లాడలేదు భీమశంకరం గారూ? అందులో కూర్చునేది మీరేగా!"

"మినిట్స్ రాసేవాడు మాట్లాడితే అది ఎవరు రాస్తారమ్మా?" అన్నాను. అప్పటికి అది గట్టి సమాధానమే అనిపించింది.

* * *

పది నెలల్లో భవనం పూర్తయింది. బయటినుంచి చూస్తే కళ్లు చాలవు. నాలుగు ముఖాలూ అద్దంలా ఉన్నాయి. లోపల తెల్లటి సీలింగు నా గుండెల దగ్గరికి వచ్చింది. ద్వారబంధాలు సగానికి కోశారు. కిటికీల పై సగాలు సీలింగు పైన ఉండిపోయి పైపులకి ధారాళంగా వెలుతురు ఇస్తున్నాయి. మాకు కింది సగాలు. పైపులు వంగకూడదన్నారు కదా, మేం వంగాం.

ప్రారంభోత్సవానికి మంత్రిగారు వచ్చారు. రిబ్బను కోసి లోపలికి తల వంచి అడుగుపెట్టేసరికి, రెండు వందల అడుగుల హాలు పొడవునా అటూ ఇటూ అరవై మంది అధికారులు నడుములు వంచి నిలబడి ఉన్నారు. ఆయన అక్కడే ఆగిపోయారు. కళ్లు చెమర్చాయి.

"ఇన్నేళ్ల ప్రజాజీవితంలో ఇంత వినయం నేనెక్కడా చూళ్లేదు" అన్నారు.

ఎవరూ కాదనలేదు. మంత్రిగారు ఎస్.ఈ.గారి భుజాలు పట్టుకుని, "చాలండీ, లేవండి, లేవండి" అన్నారు. మంత్రిగారి మాట తీసెయ్యడం ఎలాగని ఎస్.ఈ.గారు లేచారు. ఠంగుమని శబ్దం వచ్చింది. సమన్వయ పొర ఖాళీగా ఉండటంవల్ల అది హాలంతా మోగింది.

ఆ సంవత్సరానికి ఉత్తమ వినయ భవనంగా మాకొక జ్ఞాపిక వచ్చింది. దాన్ని గోడకి తగిలించాలని చూశాం గానీ సీలింగు అడ్డొచ్చి నేలమీద పెట్టాం.

మొదటి వారంలో పదకొండు తలలకి బొప్పులు కట్టాయి. కూర్చున్నప్పుడు ఎవరికీ ఏమీ కాలేదు. లేచినప్పుడే. మండలి దీన్ని లోతుగా పరిశీలించి భవన వినియోగ సర్క్యులరు పంపింది: "కుర్చీ నుండి లేచుట అను ప్రక్రియ ప్రమాదకరమని తేలినందున, క్రింది అంతస్తు సిబ్బంది నేలపై చాపల మీద ఆసీనులై విధులు నిర్వర్తించవలెను. తదుపరి ఉత్తర్వుల వరకు ఇది అమలులో ఉండును." కుర్చీలన్నీ మేడమీదికి వెళ్లాయి. పొట్టి కాళ్ల రాతబల్లలు వచ్చాయి.

పుణ్యవతికి మాత్రం అంగుళం మిగిలింది. భవనంలో నిటారుగా నడవగలిగే ఒకే ఒక్క ప్రభుత్వోద్యోగి ఆవిడే. అందుచేత ఆవిడను భవన పర్యవేక్షకురాలిగా అక్కడే ఉంచి, 'నిలువు విధులు' అనే పేరుతో బల్బులు మార్చడం, గడియారానికి కీ ఇవ్వడం, పై అధికారులొస్తే ఎదురెళ్లడం అప్పగించారు.

ఎస్.ఈ.గారి గది మేడ మీద. వాకిలి తూర్పున, మేడమెట్లు పడమటి కొసన. రోజూ పొద్దున్న ఆయన మా హాలంతా వంగి నడిచి వెళ్లాలి. జనం కూర్చున్నచోటునుంచే నమస్కారం పెట్టేవారు. ఆయన అప్పటికే వంగి ఉండటంవల్ల ప్రతినమస్కారం ముందే అయిపోయేది. నెలరోజుల్లో ఆయన చాలా మర్యాదస్తుడని ఊళ్లో పేరొచ్చింది.

* * *

ఇక మా పని సంగతి.

గోదాములో ఒక కాగితం పదకొండు టేబుళ్లు తిరిగేది. ఒక్కో టేబుల్ దగ్గర రెండేసి వారాలు ఆగేది. కొత్త భవనంలో ఆ కాగితం పట్టుకుని వంగి నడవడం ఎవరివల్లా కాలేదు. మా అటెండరు మూడోనాడే నడుం పట్టుకుని సెలవు పెట్టాడు. దాంతో పదకొండుగురం చాపలు దగ్గరగా లాక్కుని గుండ్రంగా కూర్చున్నాం. కాగితం చేతినుంచి చేతికి వెళ్లడం మొదలెట్టింది, బంతిభోజనంలో నెయ్యి గిన్నెలాగా. అర్జీదారు కూడా నిలబడలేడు కాబట్టి మధ్యలో కూర్చునేవాడు. మేం రాస్తున్నది వాడికి కనిపించేది. వాడు చూస్తుండగా కాగితాన్ని బల్లకింద పెట్టడానికి మొహమాటంగా ఉండేది. పైగా అందరికీ తొందరగా ముగించుకుని బయటపడి ఒళ్లు విరుచుకోవాలని ఉండేది.

రెండో వారంలో సూరమ్మ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. నడుం ఎప్పుడో వంగిపోయింది. భర్త పెంటయ్య చనిపోతే ధ్రువపత్రంలో మావాళ్లు పంటయ్య అని రాశారు. ఆ ఒక్క అక్షరం కోసం గోదాము చుట్టూ ఏడాదిన్నర తిరిగింది. పేరు సరైతేనే వితంతు పింఛను. ఆ ఎండ లైనులో ఎన్నిసార్లు చూశానో. చూడటం నా పనే కదా.

కర్ర పొడుచుకుంటూ, తల వంచాల్సిన పనే లేకుండా తిన్నగా లోపలికి వచ్చేసింది. హాలంతా కలయజూసింది.

"ఏటి బాబూ, అందరూ నాలాగే అయిపోనారు?"

"కూర్చో అమ్మా" అన్నాను. గోదాములో నేనెవరితోనూ ఆ మాట అన్న గుర్తులేదు. అక్కడ కూర్చోవడానికేమీ ఉండేది కాదు మరి.

ఆవిడ నా ఎదురుగా చతికిలబడి, నా మొహంలోకి చూసి, "నువ్వేనా ఆ పొడుగు బాబువి? నీ మొకం నానెప్పుడూ సూడనేదు. కిటికీలోంచి సొక్కా గుండీలే అవుపించేవి" అంది.

అరగంటలో పంటయ్య పెంటయ్య అయ్యాడు. సూరమ్మ కాగితం తీసుకుని ఎటూ కదల్లేదు. "మల్లీ ఎప్పుడు రమ్మంతారు?" అంది. రానక్కర్లేదన్నాను. నమ్మలేదు. పుణ్యవతి వచ్చి చెప్తే నమ్మింది. వెళ్తూ వెళ్తూ సీలింగుని కర్రతో తట్టి, "మంచిగా కట్టినారు. మనిసికి సరిపడా కట్టినారు" అని వెళ్లిపోయింది.

ఆ రాత్రి నా నడుం నొప్పి మామూలుగానే ఉంది. కానీ భోజనం చేస్తూ రెండుసార్లు నవ్వుకున్నానని మా ఆవిడ చెప్పింది.

ఆరు నెలలు గడిచేసరికి మా ఆఫీసులో పెండింగు సున్నా.

* * *

సున్నా చూసి రాజధానిలో కంగారుపడ్డారు. సున్నా అంటే లెక్క తప్పయినా అయ్యుండాలి, ఇంకేదైనా జరిగైనా ఉండాలి. కమిషనరుగారు స్వయంగా తనిఖీకి వచ్చారు. ఆయన నాకంటే అంగుళం ఎక్కువ.

పుణ్యవతి ఎదురెళ్లి చాప వేసింది. "నేను నేలమీద కూర్చోను" అన్నారాయన. నడుం వంచి నిలబడే రిజిస్టర్లన్నీ తిరగేశారు. నలభై నిమిషాలు. చివరి రిజిస్టరు మూసి మావైపు చూశారు.

"పెండింగు లేదంటే పని లేదని అర్థం. పని లేనిచోట ఇరవై ఆరుగురు సిబ్బంది దేనికి? పద్దెనిమిది పోస్టులు రద్దుకి ప్రతిపాదిస్తున్నాను."

నాకింకా ఇద్దరు పిల్లల చదువులున్నాయి. మా గుండ్రంలో పదకొండో మనిషి రత్నకుమారి ఏడుపు ఆపుకోలేకపోయింది. కమిషనరుగారు అదేమీ పట్టించుకోకుండా బయటికి వెళ్లి, ఆరుబయట నిలబడి నిటారుగా లేవబోయారు. నడుం లేవలేదు. ఇంకోసారి ప్రయత్నించారు. పట్టేసింది. ఆయన్ని ఆ భంగిమలోనే కారెక్కించబోయాం. తలుపులో పట్టక అంబులెన్సు పిలిచాం. మంత్రిగారు చూసి ఉంటే మరో జ్ఞాపిక ఇచ్చేవారు.

మర్నాడు ఆస్పత్రి మంచం మీంచి ఆయన ఎస్.ఈ.గారికి ఫోను చేశారు. పోస్టుల విషయం నొప్పిలో మరిచిపోయారు. "పదిహేను రోజుల్లో ఆ సీలింగు పైకెత్తించండి. ఎలాగైనా సరే."

ఎలాగైనా అనే మాట ఎస్.ఈ.గారు ముప్పై ఏళ్లలో ఏ ఫైల్లోనూ చూడలేదు. దానికి నమూనా లేదు, గడులు లేవు. ఆయన పుణ్యవతిని పిలిచి, "ఎలాగైనా అంటే ఎలాగమ్మా?" అన్నారు. ఆ గొంతులో మొదటిసారి సర్క్యులరు వినిపించలేదు.

"నేను చూసుకుంటానండీ" అంది ఆవిడ. ఒక తెల్లకాగితం మీద 'తవిటయ్య చెప్పినట్టు చేయవలెను' అని ఒక్క వాక్యం రాసి, కింద తన సంతకం పెట్టింది. వర్మగారి నక్షాకి విరుద్ధంగా ఒక్క పైపు దింపినా ఉద్యోగం పోవచ్చు. ఆ సంగతి నేను చెప్పాను.

"పోతే పోయింది. మీరు సాక్షి సంతకం పెడతారా?"

ఈసారి మినిట్స్ రాసే పని లేదు. పెట్టాను.

తవిటయ్య తొమ్మిది రోజులు పనిచేశాడు. మురుగు పైపు వెనక గోడమీంచి కిందకి దిగి భూమిలోంచి కాలవలోకి వెళ్లింది. ఏసీ గొట్టం దూలాల మధ్య సందుల్లోకి సర్దుకుంది. తీగలు గోడవార పట్టాయి. ఒకచోట కరెంటు గొట్టం ఏసీ గొట్టాన్ని దాటాల్సి వస్తే తవిటయ్య దాన్ని కొంచెం వంచాడు. సోమేశ్వర్రావుగారూ డేవిడ్ రాజుగారూ అక్కడే ఉండి చూశారు. ఏమీ కాలేదు. ఇద్దరూ కలిసి టీ తాగడానికి వెళ్లారు. సీలింగు పదడుగులకి వెళ్లింది.

వర్మగారు హుటాహుటిన వచ్చి భవనం వెనక నిలబడి పైపు చూశారు.

"సార్, ఇది వీపు" అంది పుణ్యవతి.

ఆయన కళ్లజోడు తుడుచుకుని, దానికి రాగిరంగు వేయించమన్నారు. 'జలధార' అనే పేరుతో నగరంలో దానిమీద ఉపన్యాసం ఇచ్చారని తరువాత తెలిసింది. పుణ్యవతి ఉద్యోగానికి ఏమీ కాలేదు. ఉపన్యాసం ఇచ్చినదాన్ని తప్పనడం ఎవరికీ సాధ్యం కాదు. తవిటయ్యకి ఏమిచ్చారని అడిగితే, "కూలి ఇచ్చినారు బాబూ, ఇంకేటి ఇస్తారు?" అని చుట్ట వెలిగించుకున్నాడు.

* * *

సీలింగు లేచిన సోమవారం నేను లోపలికి నడిచి, హాలు మధ్యలో ఆగి, నెమ్మదిగా నిలబడ్డాను. పూర్తిగా. ఆరడుగుల ఒక అంగుళం. చేతులు కూడా ఎత్తాను. ఏమీ తగల్లేదు. సిగ్గులేకుండా చెప్తున్నాను, కన్నీళ్లొచ్చాయి.

ఆ మధ్యాహ్నమే లారీలో కౌంటర్లు దిగాయి. నాలుగున్నర అడుగుల ఎత్తు, పైన అద్దం, అద్దంలో అరచేయి పట్టే రంధ్రం. లోపల ఎత్తుకుర్చీలు. పదకొండు టేబుళ్లు మళ్లీ ఎక్కడివక్కడ వేశారు. అటెండరు ఆరోగ్యం కుదుటపడి సెలవునుంచి వచ్చేశాడు. బుధవారానికి నా బల్లమీద పద్నాలుగు ఫైళ్లు. శుక్రవారానికి అరవై. పోస్టులకి ఇక ఢోకాలేదని మావాళ్లు స్వీట్లు పంచారు. నేనూ ఒక జిలేబీ తిన్నాను.

జిలేబీ తింటుండగా అద్దం అవతలినుంచి ఒక గొంతు వినిపించింది. "బాబూ... బాబూ..." తొంగిచూశాను. మనిషి లేడు. రంధ్రంలోంచి ఒక కాగితం పైకి లేస్తోంది, మళ్లీ దిగిపోతోంది. ముని వేళ్లమీద నిలబడి ఎవరో అందించడానికి చూస్తున్నారు. అందడం లేదు.

"రేపు రా" అనే మాట నోటిదాకా వచ్చింది. అలవాటు అలాంటిది. దాన్ని జిలేబీతోపాటు మింగి, కౌంటరు తలుపు తీసి బయటికి వెళ్లాను. పసిబిడ్డని చంకనేసుకున్న చిన్న మనిషి. బిడ్డ పుట్టిన తేదీ తప్పు పడిందట. తన పేరు కన్నతల్లి అని చెప్పింది. నేను నేలమీద కూర్చున్నాను. ఆవిడ ఒక క్షణం తటపటాయించి ఎదురుగా కూర్చుంది. కాగితం మోకాలిమీద పెట్టుకుని రాశాను. సంతకం కావాల్సిన మిగతావాళ్లని పేర్లు పెట్టి పిలిచాను. రత్నకుమారి ముందు వచ్చింది. తరువాత ఒక్కొక్కరే మరో ఐదుగురు. నలుగురు రాలేదు. వాళ్ల దగ్గరికి నేనే నడిచి వెళ్లాను, నిటారుగా.

మర్నాటినుంచి చాప ఇంటినుంచి తెచ్చుకున్నాను.

వారం తిరక్కుండా మండలినుంచి మెమో వచ్చింది. "కౌంటర్లు ఏర్పాటు చేసినప్పటికిని నేలపై కూర్చొని విధులు నిర్వర్తించుచున్నందుకు మీపై క్రమశిక్షణా చర్య ఎందుకు తీసుకొనరాదో మూడు దినములలో తెలుపవలెను."

చేతిరాత బాగుంటుందని చెప్పాను కదా. ఆ రాత్రి కూర్చుని ఆఫీసు భాషలోనే జవాబు రాశాను. "క్రింది అంతస్తు సిబ్బంది చాపల మీద ఆసీనులు కావలెనని తమరు జారీ చేసిన సర్క్యులరు తదుపరి ఉత్తర్వుల వరకు అమలులో ఉండునని అందులోనే కలదు. తదుపరి ఉత్తర్వులు నేటివరకు అందలేదు. కనుక క్రమశిక్షణను ఉల్లంఘించుచున్నది కుర్చీలలో కూర్చున్నవారే అని సవినయముగా మనవి చేయడమైనది."

ఎస్.ఈ.గారు అది చదివి నన్ను పిలిపించారు. మళ్లీ ఒక్కో పదం కిందా వేలు పెట్టి చూశారు. "నిర్దుష్టంగా ఉంది" అన్నారు చివరికి, కొంచెం గర్వంగానే. శిష్యుణ్ణి చూసినట్టు చూశారు. సర్క్యులరు రద్దు చెయ్యాలంటే విభాగాలన్నీ విడివిడిగా అంగీకారం తెలపాలి. ఒకరి అభిప్రాయం మరొకరి అభిప్రాయాన్ని తాకకూడదు. రద్దు ముసాయిదా ప్రస్తుతం నిప్పార్పే విభాగంలో ఉంది. అక్కడి అధికారి బదిలీ అయ్యారు, కొత్తవారు ఇంకా రాలేదు.

మీలో ఎవరికైనా పేరు సవరణో, పింఛనో పని ఉంటే మెరకవలస రండి. కౌంటర్ల వైపు వెళ్లకండి. తూర్పు కిటికీ పక్కన నా చాప ఉంటుంది, ఎదురుగా ఇద్దరికి చోటుంది. మధ్యాహ్నం రెండు దాటాక వస్తే అంతగా ఆగక్కర్లేదు. అసలు కాగితం, ఒక జిరాక్సు తెచ్చుకోండి, చాలు.